కుందేలు కంట్లో పనిచేసిన మందు అమ్మ కంట్లో వేయొచ్చా?

ప్రశ్న: మేడమ్, మాది కల్వకుర్తి. మా అమ్మకు కంట్లో నీటికాసులు (గ్లాకోమా). డాక్టరు రాసిన లాటానోప్రోస్ట్ చుక్కలు రాత్రిపూట వేస్తున్నాం. నీళ్లలో కరిగే ఎండోకన్నబినాయిడ్ ప్రోడ్రగ్ ఒకటుందని, దాంతో కుందేళ్ల కంటి ప్రెషర్ తగ్గిందని బయోటెక్నాలజీ చదివిన మా తమ్ముడు అంటున్నాడు. ల్యాబులకు అమ్మే కంపెనీ నుంచి చిన్న సీసా తెప్పిస్తాడట. అది గంజాయి జాతిదని విని అమ్మకు ఒకటే టెన్షన్. వాడొచ్చా?

జవాబు: తెప్పించొద్దమ్మా. ఇప్పటికే వచ్చి ఉంటే మూత కూడా తీయొద్దు. అలాగని మీ తమ్ముడిని కోప్పడకండి. అతను చదివింది నిజమే. నల్గొండ గడియారం సెంటర్ దగ్గర ఏళ్ల తరబడి మెడికల్ షాపు నడిపిన నాకు కూడా ఆ పరిశోధన అంటే చాలా ఇష్టం.

ముందు అమ్మ భయం సంగతి. ఎండోకన్నబినాయిడ్లు గంజాయి మొక్కలోంచి తీసినవి కావు, మన ఒంట్లోనే పుట్టే కొవ్వు పదార్థాలు. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ మన కణాల మీద ఏ చోట అతుక్కుంటుందో ఇవీ అక్కడే అతుక్కుంటాయి. వీటిలో మొదటిదైన ఆనందమైడ్ సంగతి 1992లో జెరూసలేంలోని రఫాయెల్ మెషూలం బృందం బయటపెట్టింది. 2001లో పంది మెదడులోంచి ఇదే కోవకు చెందిన నోలాడిన్ ఈథర్ దొరికిందని ప్రకటించారు. గంజాయి పొగ పీల్చినవాళ్లకు కంటి ప్రెషర్ తగ్గుతుందని 1971 నుంచే తెలుసు. కానీ అది మూడు నాలుగు గంటల ముచ్చట, పైగా మత్తు. మత్తు లేకుండా కంటి వరకే పనిచేసేది కావాలని వెతుకుతూ కొందరు వీటి దగ్గరికి వచ్చారు.

చిక్కల్లా ఒకటే, ఇవి నీళ్లలో కరగవు. పల్లి నూనెను నీళ్లలో పోసి ఎంత గిలకొట్టినా పైకి తేలిపోతుంది చూడండి, అలాగే. కరగనిది చుక్కల మందు ఎలా అవుతుంది? 2003లో ఫిన్లాండ్‌లోని కుఓపియో విశ్వవిద్యాలయం వాళ్లు నోలాడిన్ ఈథర్‌కు ఫాస్ఫేట్ తగిలించారు. ఫాస్ఫేట్‌కు విద్యుదావేశం ఉంటుంది కాబట్టి నీళ్లలో కలిసిపోయింది. కంట్లో పడ్డాక అక్కడి ఎంజైములు ఆ ఫాస్ఫేట్‌ను తెంపేస్తాయి, అసలు మందు విడిపోతుంది. ఇలా ఒంట్లోకి చేరాకే మందుగా మారేదాన్ని ప్రోడ్రగ్ అంటారు. ఎంత చక్కటి ఉపాయమో! ఆసుపత్రుల్లో ఫిట్స్‌కిచ్చే ఫాస్ఫెనిటాయిన్ ఇంజెక్షన్‌దీ ఇదే పద్ధతి. పాత ఫెనిటాయిన్ ఇంజెక్షన్ ఘాటైన క్షారం, నరం మండిపోయేది. ఫాస్ఫేట్ చేరాక ఆ బాధ బాగా తగ్గింది.

అయితే ఆ కుందేళ్లకు నీటికాసులు లేవమ్మా. వాటి కళ్లు ఆరోగ్యంగా ఉన్నవే. మామూలు ప్రెషర్ కాసేపు తగ్గడం వేరు, మీ అమ్మ కంటి నరాన్ని ఏళ్ల తరబడి కాపాడటం వేరు. ఇక ఆ సీసా సంగతి. ల్యాబులకు అమ్మే రసాయనాల మీద పరిశోధనకు మాత్రమే అని రాసి ఉంటుంది. ఆనందమైడ్‌నైతే చాలాసార్లు ఆల్కహాల్‌లో కలిపి అమ్ముతారు, మైనస్ 20 డిగ్రీల చలిలో దాచమంటారు. కంటి చుక్కలకు ఉండాల్సినట్టు సూక్ష్మజీవులు లేకుండా చేసిన హామీ దానికి ఉండదు. నీళ్లలో కరిగినంత మాత్రాన కంటికి పనికొచ్చేది కాదు. ఇంట్లో కలిపిన చుక్కతో ఇన్ఫెక్షన్ వస్తే నల్లగుడ్డు మీద పుండు పడి, ఉన్న చూపూ పోవచ్చు.

మీ తమ్ముడికి ఒక మాట చెప్పండి. అమ్మ వేసుకుంటున్న లాటానోప్రోస్ట్ కూడా ప్రోడ్రగ్గే. కంటి పైపొర దాటేటప్పుడు అక్కడి ఎంజైములు దాన్ని విడగొడితేనే పనిచేస్తుంది. అతను వెతుకుతున్న ఉపాయం మీ ఇంట్లోనే ఉంది, పైగా మనుషుల మీద పరీక్షించి నిలబడింది.

దాన్ని సరిగ్గా వేస్తున్నారా అన్నదే నాకు దిగులు. మా షాపు ముందు బల్ల మీద కూర్చుని చుక్కలు వేసుకునే పెద్దవాళ్లను ఎందరినో చూశాను. తల పైకెత్తి టపటపా మూడు చుక్కలు వదులుతారు, రెండు చెంప మీదుగా కారిపోతాయి, కొంగుతో తుడిచేస్తారు. ఒక్క చుక్క చాలు. కింది రెప్పను కాస్త లాగి ఆ సందులో వేయండి, సీసా మూతి కంటికి తగలనీయొద్దు. కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టమనండి. మందు గొంతులోకి జారదు. కొత్త సీసా ఫ్రిజ్‌లో ఉండాలి. తెరిచాక డబ్బా మీద రాసిన గడువు దాటితే మిగిలింది పారేయాలి. మన పాలమూరు ఎండల్లో కిటికీ గూట్లో పెడితే మందు పాడైపోతుంది.

చుక్కలు వేస్తున్నా ప్రెషర్ దిగకపోతే డాక్టరు ఇంకో మందు కలుపుతారు, లేదా లేజర్ చేస్తారు. చెక్ చేయించి చాలా రోజులైతే మీ ఊళ్లో కంటి డాక్టరు దగ్గరికో, హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రికో పాత చీటీలన్నీ పట్టుకుని వెళ్లండి. నీటికాసులు కుటుంబంలో వచ్చే జబ్బు. అమ్మతో పాటు మీరూ మీ తమ్ముడూ కూడా ప్రెషర్, కంటి నరం చూపించుకోండి.