రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంగ్లండు కంపెనీయా, మద్రాసు కంపెనీయా?

రెండూ నిజమే. పుట్టింది ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో. సూదుల తయారీకి పేరుపడ్డ ఊరది. ఈ కంపెనీ మూలాలు కూడా ఒక సూదుల కార్ఖానాలోనే ఉన్నాయి. తొలి మోటార్‌సైకిల్ 1901లో వచ్చింది.

మన దేశానికి దారి వేసింది సైన్యం. సరిహద్దు గస్తీకి గట్టి బండి కావాలని 1950ల మొదట్లో 800 బుల్లెట్ 350లకు ఆర్డరిచ్చింది. దాంతో 1955లో రెడ్డిచ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. మద్రాసు శివారు తిరువొత్తియూర్‌లో ఫ్యాక్టరీ వెలిసింది. మొదట్లో అక్కడ జరిగింది బిగింపు పనే: విడిభాగాలు ఓడల్లో వచ్చేవి, ఇక్కడ బండిగా కూర్చేవారు. అసలు మలుపు 1957. విడిభాగాలు తయారుచేసే పనిముట్లు, అచ్చులే ఇక్కడికి అమ్మేశారు. 1960ల తొలినాళ్లకు బండి మొత్తం ఇక్కడే తయారవసాగింది.

తమాషా ఏమిటంటే, అమ్మినవాళ్లే ముందు మూతపడ్డారు. రెడ్డిచ్ ఫ్యాక్టరీ 1967లో, ఇంగ్లండులోనే బ్రాడ్‌ఫర్డ్-ఆన్-ఏవన్ అనే ఊరి దగ్గర మిగిలిన ఉత్పత్తి 1970లో ఆగిపోయాయి. మద్రాసులో మాత్రం పాత నమూనా బుల్లెట్, కుడికాలి గేరుతో సహా, దశాబ్దాలపాటు పెద్ద మార్పుల్లేకుండా తయారైంది. నా దృష్టిలో అది పట్టుదల కాదు; పోటీ లేని మార్కెట్లో మార్చాల్సిన అవసరం రాలేదంతే. 1977లో అదే బండి బ్రిటన్‌కు ఎగుమతైంది!

1994లో ఈ మద్రాసు కంపెనీ వాహనాల తయారీ సంస్థ ఐషర్ చేతికొచ్చింది. చెన్నై దగ్గరి ఒరగడంలో కొత్త ఫ్యాక్టరీ 2013లో మొదలైంది.