చెరువులో బుడగ ఎక్కడిది?

ప్రశ్న: మాస్టారూ, మాది భీమవరం దగ్గర పల్లెటూరండి, ఇంటర్ చదువుతున్నాను. ఎండెక్కాక మా చేపల చెరువు గట్టు వార నాచు మీద సన్నగా బుడగలు లేస్తాయి. ఆ ఆక్సిజన్ నీళ్ళలోంచే వస్తుందంటారు. మా ల్యాబ్‌లో నీళ్ళు విడగొట్టడానికి బ్యాటరీ తగిలించాం, మరి నాచు ఉత్త ఎండతో ఎలా చేస్తుందండీ?

జవాబు: చాలా మంచి ప్రశ్నమ్మా. ఆ ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌లోంచి వస్తుందని చాలాకాలం పెద్ద పెద్దోళ్ళే అనుకున్నారు, 1941లో రూబెన్, కామెన్ అనే శాస్త్రవేత్తలు క్లోరెల్లా అనే నాచుకి బరువైన ఆక్సిజన్-18 కలిసిన నీళ్ళు పెట్టి చూస్తే బయటికొచ్చిన గాల్లో అదే కనబడింది.

ఇక బ్యాటరీ సంగతి. నీళ్ళు విడగొట్టాలంటే లెక్క ప్రకారం 1.23 వోల్టులైనా కావాలి కదా, ఒక్క ఎర్ర కాంతి కణంలోనే దాదాపు 1.8 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది, అంటే ఒక ఎలక్ట్రాన్‌ని 1.8 వోల్టుల బ్యాటరీ నెట్టినంత. అది నాచులో ఎండని పట్టి నీళ్ళు విడగొట్టే ఫోటోసిస్టమ్ 2 అనే యంత్రాంగంలో ఉన్న పత్రహరితానికి తగిలితే ఒక ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది, ఎలక్ట్రాన్ పోయిన పత్రహరితం ఎంత ఆకలి మీదుంటుందంటే పక్కనున్న మాంగనీసు గుత్తి నుంచి లాగేసుకుంటుంది. నాలుగు మాంగనీసులు, ఒక కాల్షియం, మధ్యలో ఆక్సిజన్లు, అంతే ఆ గుత్తి.

అసలు అందమంతా ఇక్కడుందమ్మా. ఒక్క ఆక్సిజన్ అణువు రావాలంటే రెండు నీటి అణువుల్లోంచి నాలుగు ఎలక్ట్రాన్లు తియ్యాలి, కాంతి కణం ఒక్కోటి ఒక్కటే తీస్తుంది. సగం సగం విరిగిన ముక్కలు వదిలితే అవి నాచు జీవకణాన్నే పాడుచేస్తాయి, అందుకని ఆ గుత్తి నాలుగు దెబ్బలూ తనమీదే కాసుకుని అప్పుడు ఆక్సిజన్ వదుల్తుంది. 1969లో జోలియో అనే శాస్త్రవేత్త చీకట్లో ఉంచిన నాచు మీద ఒక్కో కాంతి మెరుపు వేసి చూస్తే మొదటిదానికి దాదాపు ఏమీ లేదు, మూడోదానికి బాగా వచ్చింది, తర్వాత ఏడోదానికి, పదకొండోదానికి. నాలుగోది కాకుండా మూడోదానికెందుకంటే చీకట్లో ఆ గుత్తి అప్పటికే ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని ఒక మెట్టెక్కి కూచుంటుంది, ఆ లెక్క 1970లో బెసెల్ కాక్ తేల్చాడు. తీసిన ఎలక్ట్రాన్లూ మిగిలిన ప్రోటాన్లూ చక్కెర తయారీకి కావాల్సిన శక్తి కింద మారతాయి.

రాత్రయితే ఈ పని ఆగిపోతుంది గానీ నాచూ చేపలూ ఆక్సిజన్ వాడుకోవడం ఆగదు, అందుకే తెల్లారుగట్ల చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి, మీ నాన్నగారు డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) పడిపోయిందంటారు చూడు, అదే. రోజంతా మబ్బు పట్టిందంటే పగలు చేరే ఆక్సిజనే తక్కువ, ఆ రాత్రి నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు కాస్త ముందే వెయ్యమని చెప్పమ్మా.