కాలిఫోర్నియా కొండల మీద పసుపుపచ్చగా పూసేవి మన ఆవాలేనా? పొట్టివి, పొడుగువి రెండు రకాలున్నాయి, కోసి వండుకోవచ్చా?

రెండూ ఆవ జాతివేనండీ, కానీ మన పోపుడబ్బాలో ఉండేవి ఈ రెండూ కావు. మీరు చూసినవాటిలో పొట్టిది ఫీల్డ్ మస్టర్డ్, అంటే బ్రాసికా రాపా అయ్యుండాలి. మనిషిని మించి పెరిగేది బ్లాక్ మస్టర్డ్, బ్రాసికా నైగ్రా. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాకి వచ్చిన కొత్తలో నాకూ ఇదే డౌటు.

పూలు చూసి తేల్చలేం. రెండింటికీ నాలుగు రేకులు, అదే పసుపు. ఎత్తు కూడా నమ్మకం లేదు, నేల బాగా లేకపోతే నైగ్రా కూడా గిడసబారి పొట్టిగానే ఉండిపోతుంది. నేను చూసేది ఆకు. పూలగుత్తికి కాస్త కిందున్న ఆకుని పట్టుకుని అది కాండానికి ఎలా అతికిందో చూడండి. రాపాలో ఆకుకి కాడ ఉండదు, అడుగుభాగం రెండు చెవుల్లా సాగి కాండాన్ని చుట్టుకుని ఉంటుంది. నైగ్రాలో చిన్నదైనా కాడ ఉంటుంది, చుట్టుకోవడం ఉండదు. ఇది ఒక్కసారి కంటికి అలవాటైతే చాలు, ఇక నడుస్తూనే చెప్పేస్తారు.

కాయలు పడ్డాక ఇంకా తేలిక. నైగ్రా కాయ ఒకటి రెండు సెంటీమీటర్లే, కాండానికి ఆనుకుని నిటారుగా ఉంటుంది. రాపా కాయ అంతకంటే బాగా పొడుగు, కాండానికి ఎడంగా ఉంటుంది, కొసన పొడవాటి ముక్కు. నైగ్రాలాగే కనిపించి మోసం చేసే షార్ట్‌పాడ్ మస్టర్డ్ అని ఇంకో మొక్క ఉంది. దాని కాయ ముక్కు ఉబ్బి ఉంటుంది.

ఇక మన ఆవాలు. మనం పోపులో వేసేవి ఎక్కువగా బ్రాసికా జున్సియా గింజలు. ఈ జున్సియా పుట్టిందే పై రెండు మొక్కలూ కలిసి! నాగహారు యు అనే శాస్త్రవేత్త ఈ చుట్టరికాన్ని 1935లో క్రోమోజోముల లెక్కతో చూపించాడు: రాపాకి 10 జతలు, నైగ్రాకి 8, జున్సియాకి 18. అంటే మీరు కొండ మీద చూసింది మన పోపుగింజల అమ్మానాన్నల వంశాన్ని. నాకైతే ఇది తెలిశాక ఆ కలుపుమొక్కల మీద గౌరవం పెరిగింది.

తినడం సంగతి. మా పెరట్లో దానంతటదే మొలిచే రాపా లేతాకులు కందిపప్పులో వేస్తాను. కాస్త చేదు, వెనకాల ఆవఘాటు, చింతపండు ఒక పిసరు ఎక్కువ పడాలి. నైగ్రా ఆకు గరుకు, పూత వచ్చేసరికి పీచు తేలుతుంది, శ్రమ దండగ. దాని గింజ మాత్రం మంచి ఘాటు. అయితే ఆ ఘాటు గింజని నీళ్లు చిలకరించి నూరితేనే పుడుతుంది, వేడి తగిలితే ఎగిరిపోతుంది. మనవాళ్లు ఆవపెట్టిన కూరలో ఆవముద్దని పొయ్యి కట్టేశాక కలిపేది అందుకే.

స్టేట్ పార్కుల్లో మొక్కలు కోయకూడదు, రూల్ ఉంది. రోడ్డు పక్కవి, నాపా ద్రాక్షతోటల్లో వరుసల మధ్య పూసేవి కూడా వద్దు, ఏ మందు కొట్టారో మనకి తెలియదు. మీ పెరట్లో నైగ్రా మొలిస్తే కాయ కట్టకముందే పీకేయండి. గింజలు మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి, పైగా వేసవికి ఎండిన కాడలు ఒక్క నిప్పురవ్వకే భగ్గుమంటాయి.