బిల్డ్ స్క్రిప్టుల గురించి మేనల్లుడికి

హైదరాబాద్

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మాదాపూర్‌లో కొత్తగా చేరిన చోట బిల్డ్ స్క్రిప్టుల (ప్రాజెక్టును తయారుచేసే కమాండ్ల) పని నీకు అప్పగించారని, నీ లినక్స్ ల్యాప్‌టాప్‌లో సజావుగా నడిచినది పక్క సీటు అమ్మాయి విండోస్‌లో మొదటి లైనుకే ఆగిపోయిందని నిన్న ఫోనులో చెప్పావు. ఇలాంటివి రాసి ఉంచితేనే పనికొస్తాయని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు నువ్వు పంపిన లైను చూద్దాం. "./నోడ్_మాడ్యూల్స్/.బిన్/ఈఎస్‌లింట్" అని, కోడులో తప్పులు పట్టే ఈఎస్‌లింట్ టూల్‌కు దారంతా రాశావు. లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్‌కు ప్యాకేజీలు తెచ్చి స్క్రిప్టులు నడిపే ఎన్‌పీఎం ఆ లైనును, కమాండ్లు చదివి నడిపే ఎస్‌హెచ్ అనే షెల్‌కు ఇస్తుంది కాబట్టి అక్కడ చెల్లింది. విండోస్‌లో అదే లైను అక్కడి షెల్ అయిన సీఎండీ చేతికి వెళుతుంది, సీఎండీ ముందున్న చుక్కనే కమాండు పేరనుకొని, అలాంటి కమాండు లేదంటూ ఆగిపోతుంది. దీనికి మందు దారిని మార్చి రాయడం కాదు, అసలు రాయకపోవడం. ఎన్‌పీఎం రన్‌తో నడిచే ప్రతి స్క్రిప్టుకూ ఆ .బిన్ ఫోల్డరును ఎన్‌పీఎం తానే పాత్‌లో (కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితాలో) చేరుస్తుంది కనుక ఈఎస్‌లింట్ అని పేరొక్కటే రాయి. రెండు యంత్రాల్లోనూ ఆ ఫోల్డరు ఒకసారి తెరిచి చూడు: నీ దాంట్లో ఈఎస్‌లింట్ అనేది అసలు ఫైలుకు సింబాలిక్ లింకు (దారి చూపే గుర్తు) మాత్రమే, విండోస్‌లో ఆ పేరుతో మూడు చిన్న ఫైళ్లుంటాయి, ఎక్స్‌టెన్షన్ లేనిదొకటి, .సీఎండీ ఒకటి, పవర్‌షెల్ కోసం .పీఎస్1 ఒకటి. పేరుతో పిలిస్తే ఎక్కడ ఏది కావాలో అక్కడ అదే దొరుకుతుంది.

టూల్‌ను గ్లోబల్‌గా (ప్రాజెక్టులో కాక యంత్రమంతటికీ) ఇన్‌స్టాల్ చేసి దాని మీద ఆధారపడకు. ఒకప్పుడు నేను టైప్‌స్క్రిప్ట్‌ను అలా పెట్టుకొని, డెవ్ డిపెండెన్సీల్లో (ప్రాజెక్టు తయారీకి కావలసిన టూల్స్ జాబితాలో) చేర్చడం మరిచిపోయాను. నా యంత్రంలో నెలల తరబడి నడిచిన బిల్డ్, కొత్త సర్వర్ మీద రిలీజు రాత్రి టైప్‌స్క్రిప్ట్ కమాండు టీఎస్‌సీ దొరకలేదంటూ ఆగిపోయింది, నలుగురం తెల్లవారేదాకా కూర్చున్నాం. ఆ తప్పు నాదే, అది నీకు జరగకూడదు.

2017లో ఎన్‌పీఎం 5.2తో వచ్చిన, టూల్స్‌ను పేరుతో నడిపే ఎన్‌పీఎక్స్ కమాండును టెర్మినల్‌లో నిరభ్యంతరంగా వాడుకో, కానీ స్క్రిప్టుల లోపల దాని అవసరం లేదు. లోకల్‌గా టూల్ లేకపోతే అది నెట్ నుంచి తెచ్చి నడపబోతుంది. అలా వచ్చే వెర్షన్ వెర్షన్లను ఖాయం చేసే నీ లాక్ ఫైలులో ఉన్నదే అవుతుందన్న హామీ లేదు.

షెల్‌కు సంబంధించిన అలవాట్లు కూడా మానుకోవాలి. "నోడ్_ఈఎన్‌వీ=ప్రొడక్షన్" అని సెట్టింగును ముందు రాసి కమాండు ఇస్తే సీఎండీకి అర్థం కాదు, రెండు చోట్లా పనిచేసే క్రాస్-ఈఎన్‌వీ ప్యాకేజీ పెట్టుకో. ఫైళ్లు తుడిచే ఆర్ఎం బదులు రిమ్‌రాఫ్ ప్యాకేజీ వాడు. సింగిల్ కోట్లు సీఎండీకి కోట్లే కావు, స్క్రిప్టులుండే ప్యాకేజ్ డాట్ జేసన్ ఫైలులో డబుల్ కోట్లకు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి రాయి.

స్క్రిప్టు రెండు మూడు కమాండ్లు దాటితే దాన్ని నోడ్ ఫైలుగా మార్చడమే మంచిదని నా అభిప్రాయం. అయితే అక్కడ ఒక చిక్కుంది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన భద్రతా సవరణ తర్వాత విండోస్‌లో .సీఎండీ ఫైలును స్పాన్‌తో (వేరే ప్రోగ్రామును నడిపే నోడ్ ఫంక్షన్‌తో) నేరుగా పిలిస్తే నోడ్ ఒప్పుకోదు, ఈఇన్వాల్ అనే ఎర్రర్ ఇస్తుంది. షెల్ ట్రూ అని పెడితే నడుస్తుంది గానీ, అప్పుడు ఆర్గ్యుమెంట్లు షెల్ గుండా వెళతాయి. బయటి నుంచి వచ్చిన ఫైలు పేరులో యాంపర్‌శాండ్ ఒకటి ఉన్నా అది వేరే కమాండుగా మారే ప్రమాదం ఉంది. అందుకని టూల్‌కు జావాస్క్రిప్ట్ ఏపీఐ (కోడు నుంచి నేరుగా పిలిచే వీలు) ఉంటే దాన్నే పిలువు. లేకపోతే ప్రాసెస్ డాట్ ఎగ్జెక్‌పాత్‌తో (నడుస్తున్న నోడ్ ప్రోగ్రాము దారితో) ఆ టూల్ అసలు జేఎస్ ఫైలును నడుపు.

ఈ రోజుకు ఆ లింట్ లైను ఒక్కటి మార్చి, ఆ అమ్మాయి యంత్రంలో ఎన్‌పీఎం సీఐ (లాక్ ఫైలు ప్రకారం ప్యాకేజీలన్నీ కొత్తగా ఇన్‌స్టాల్ చేసే కమాండు) చేయించి, తన చేతే బిల్డ్ నడిపించు. ఏ ఎర్రర్ వచ్చినా మొదటి లైను నుంచి స్క్రీన్‌షాట్ తీసి పంపు. ఆదివారం కూకట్‌పల్లికి వస్తే ఇద్దరం కూర్చుని మిగతావి చూద్దాం.

ఇట్లు,
నీ మామయ్య