‘క్రైస్తవులారా’ అన్న పిలుపు ఎవరికి?

తొలినాటి అమెరికన్ రచనల్లో దైవభక్తి సమానత్వ భావనకు తోడ్పడిందా, అడ్డుపడిందా అని అడిగారు. అడ్డుపడిన సందర్భాలకు కొదవ లేదు. కొందరు ధనికులుగా, కొందరు పేదలుగా ఉండటం దేవుడి ఏర్పాటేనంటూ 1630లో ప్యూరిటన్ వలసదారుల నాయకుడు జాన్ విన్‌త్రాప్ తన ప్రసంగం మొదలుపెట్టాడు. కానీ నాకు ఈ ప్రశ్న బరువు తెలిసింది ఫిలిస్ వీట్లీ పద్యాన్ని డిగ్రీ తరగతిలో పాఠం చెప్పినప్పుడు.

వీట్లీని 1761లో, ఏడెనిమిదేళ్ల వయసులో, పశ్చిమ ఆఫ్రికా నుంచి ఓడలో బోస్టన్‌కు తెచ్చి అమ్మారు. 1773లో లండన్‌లో ఆమె కవితా సంపుటి వెలువడింది. అందులోని ఒక ఎనిమిది పాదాల పద్యం, దేవుడి కరుణే తనను అన్యమతస్థుల దేశం నుంచి ఇక్కడికి తెచ్చిందంటూ మొదలవుతుంది. ఆ పాదం చదవగానే ఒక అమ్మాయి లేచి, “బానిసగా అమ్ముడుపోవడం కరుణ ఎలా అవుతుంది మేడమ్?” అని అడిగింది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

ఇంటికి వెళ్లి పద్యాన్ని తెలుగు చేయడానికి కూర్చున్నాను. ఏడో పాదం దగ్గర కలం ఆగిపోయింది. మూలంలో ‘గుర్తుంచుకోండి’ అన్న మాట తర్వాత క్రైస్తవులు, నల్లవారు అనే రెండు పదాలూ కామాల మధ్య పక్కపక్కనే ఉంటాయి. ఆ వెంటనే ‘కయీనులా నల్లని’ అన్న విశేషణం వస్తుంది. కయీను అంటే బైబిల్లో తమ్ముణ్ణి చంపి దేవుడి శాపానికి గురైనవాడు; నల్లరంగు ఆ శాపపు గుర్తేనని అప్పట్లో కొందరు అనేవారు. తెలుగులో విభక్తి తేల్చకుండా వదలలేం. ‘క్రైస్తవులారా’ అని రాస్తే, ఆమె యజమానుల మతస్థులను పిలిచి, నల్లవారు కూడా శుద్ధులై దేవదూతల సరసన చేరగలరని గుర్తుచేస్తున్నట్టు. ‘క్రైస్తవులూ నల్లవారూ’ అని రాస్తే, ఇద్దరూ కయీను పాపంతో నల్లబడినవారే, ఇద్దరికీ శుద్ధి కావలసిందే. ఆమె రెండు అర్థాలూ తెలిసే రాసిందని నా నమ్మకం. బానిసగా ఉన్న అమ్మాయి అంతకంటే బాహాటంగా ఎలా చెప్పగలదు?

స్వేచ్ఛ దొరికిన కొద్ది నెలలకే, 1774 ఫిబ్రవరిలో, మొహెగన్ తెగకు చెందిన మతబోధకుడు శాంసన్ ఆకమ్‌కు ఆమె ఉత్తరం రాసింది. అది పత్రికల్లోనూ అచ్చయింది. ప్రతి మనిషి గుండెలోనూ దేవుడు స్వేచ్ఛాకాంక్షను నాటాడని, అది అణచివేతను సహించదని అందులో అంటుంది. బానిస యజమానులకు ఆమె పెట్టిన పేరు ‘ఈ కాలపు ఐగుప్తీయులు’. ఇశ్రాయేలీయులను బానిసలుగా పెట్టుకున్న ఐగుప్తీయుల కథ ఉన్న బైబిల్ భాగం, నిర్గమకాండం, చదివినవారికి అంతకంటే సూటిగా చెప్పనక్కరలేదు.

మనుషులందరూ సమానులుగానే సృష్టి అయ్యారని 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో రాసిన థామస్ జెఫర్సనే తర్వాత, మతం వీట్లీని తయారుచేసింది గాని కవిని తయారుచేయలేకపోయిందని తీసిపారేశాడు. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మరుసటి వారం తరగతిలో ఆ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. ప్రశ్న అడిగిన అమ్మాయి దాని ప్రతి కావాలని అడిగి తీసుకుంది. మీరు కూడా పద్యం దగ్గరే ఆగకండి, రెండూ కలిపి చదవండి.