మానేశాక తోడు ఎవరు?

ప్రశ్న: అన్నయ్య మందు మానేసి ఎనిమిది నెలలైంది. ట్రీట్‌మెంట్ అయిపోయింది గానీ సాయంత్రమైతే మనిషి ఒకటే అల్లాడిపోతాడు. ఇలాంటి వాళ్లందరం కలిసి ఒక గ్రూప్ పెట్టుకుందామంటే డాక్టర్ లేకుండా అదేం గ్రూప్ అని నవ్వుతున్నారు, కుదరదంటారా?

జవాబు: ఎందుకు కుదరదండీ? 1935లో అమెరికాలో ఆల్కహాలిక్స్ అనానిమస్ అని, మందు మానాలనుకునేవాళ్ల గ్రూప్ మొదలైందే ఇద్దరు తాగుబోతులు కూర్చుని మాట్లాడుకోవడంతో, అందులో ఒకాయన డాక్టరే, అయినా ఆయన చదువు ఆయన్ని మాన్పించలేకపోయింది చూడండి! అందులో చేరడానికి ఫీజు లేదు, మానాలనే కోరిక ఉంటే చాలు. మీరూ వారానికో రోజు, ఒకే టైమ్, ఒకే చోటు అనుకోండి, ఇద్దరే వచ్చినా ఆపొద్దు, అక్కడ చెప్పుకున్నది బయటికి పోకూడదు. మధ్యలో ఎవరైనా మళ్లీ తాగితే గెంటేయకండి, అసలు గ్రూప్ అవసరం అప్పుడే. ఒక్కటి మాత్రం, బాగా తాగే మనిషి ఉన్నపళంగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు, అలాంటోళ్లని ముందు డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లాలి. నలుగురు పోగయ్యాక వీళ్లకి పని ఇవ్వమని అడగడం కూడా మీరే మొదలుపెట్టండి, ఖాళీగా ఉన్న సాయంత్రాలే అసలు గండం. వదినగారికీ ఎవరితోనైనా చెప్పుకునే వీలుండాలి కదా, ఇంట్లోవాళ్ల కోసం 1951లోనే అల్‌-అనాన్ అని వేరే పెట్టుకున్నారు.