బోర్డు మీద చెయ్యి వేసే ముందు

చిరంజీవి శ్రీనుకి,

మొబైల్ రిపేరు కోర్సులో చేరాలా, కెమెరాలూ నెట్‌వర్కులూ బిగించే ఇన్‌స్టలేషన్ వైపు పోవాలా అని అడిగావు. మొదటి ఆరు నెలలు రెండూ పక్కన పెట్టి కొలవడం నేర్చుకో. పాడైన పార్టు పీకి కొత్తది వెయ్యడం నెలలో వస్తుంది. ఏది పాడైందో పట్టుకోవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. మనకి డబ్బిచ్చేది ఆ పట్టుకోవడానికే.

శిక్షణ ఎక్కడ తీసుకున్నా, చేరే ముందు ఒక పూట వాళ్ల వర్క్‌షాపులో నిలబడి చూడు. బల్లకి ఇద్దరి కన్నా ఎక్కువమంది ఉంటే ఒకడు చేస్తాడు, మిగతావాళ్లు తల ఊపుతారు. సిగ్నల్ అలని తెర మీద గీసి చూపించే ఆసిల్లోస్కోపు బల్ల మీద ఉందో, తాళం వేసిన బీరువాలో ఉందో చూడు. స్విచ్ నొక్కితే తప్పు పుట్టే ట్రైనింగ్ కిట్లు మొదటి వారానికి సరే. ఆ తర్వాత నీ చేతికి రావాల్సినవి దుమ్ముపట్టిన, నీళ్లు తాగిన, ఇదివరకే ఇంకెవరో కెలికిన అసలు బోర్డులు. రేపు పనిలోకి దిగాక వచ్చేవీ అవే. ప్రతి బోర్డుకీ ఏం కొలిచారో, ఎంత వచ్చిందో పుస్తకంలో రాయించే చోటైతే ఇంకేమీ అడక్కుండా చేరిపో.

సొంతంగా కొనుక్కోవాల్సిన మొదటి వస్తువు మల్టీమీటర్. మెయిన్స్ సరఫరా మీద కొలుస్తావు కాబట్టి క్యాట్ 3 (మెయిన్స్ వైరింగ్ మీద కొలవడానికి తగిన భద్రతా శ్రేణి), 600 వోల్టుల రేటింగ్ ఉన్నది తీసుకో. మీటరుతో కొత్తవాళ్లు చేసే తప్పులు ముఖ్యంగా రెండు. కరెంటు కొలిచాక ఎర్ర ప్రోబును 10 ఆంపియర్ల సాకెట్టులోనే మరిచిపోయి, అలాగే వోల్టేజీ కొలవబోతారు. అప్పుడు మీటరు ఒట్టి తీగముక్కే, నేరుగా షార్టు. రెండోది బీపు శబ్దాన్ని నమ్మడం. చాలా మీటర్లు 30, 50 ఓముల లోపు ఏదున్నా కూస్తాయి. ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కి వెళ్లే సప్లై లైను బాగున్నప్పుడు కూడా కొన్ని ఓములే చూపిస్తుంది. అది విని షార్టు అనుకుని బాగున్న బోర్డు మీద హీట్ గన్ పెట్టేవాళ్లు కోకొల్లలు. బీపు వినగానే ఓముల మోడ్‌కి తిప్పి అంకె చూడు. అంతకుముందు రెండు ప్రోబులూ ఒకదానికొకటి ఆనించి ప్రోబుల సొంత నిరోధం ఎంతో తెలుసుకుని, దాన్ని తీసేసి లెక్కపెట్టు.

మీటరులో డయోడ్ మోడ్ రోజూ వాడేది. డయోడ్ అంటే కరెంటును ఒక దిక్కునే పోనిచ్చే పార్టు. మామూలు సిలికాన్ డయోడ్ ఒక దిక్కున 0.5 నుంచి 0.7 వోల్టులు చూపించాలి, రెండో దిక్కున ఏమీ చూపించకూడదు. తక్కువ వోల్టేజీకే తెరుచుకునే షాట్కీ డయోడ్ అయితే 0.15 నుంచి 0.3 వరకు రావచ్చు. అది తెలియక బాగున్నదాన్ని పారేస్తుంటారు.

సాల్డరింగ్ గురించి ఎక్కువ రాయను, చేతికి అలవాటు కావాల్సిందే. 63/37 తగరం-సీసం సాల్డర్ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది, దానికి ఐరన్ 320 నుంచి 350 మధ్య చాలు. సీసం లేని సాల్డర్ 217 దాటితేనే కరుగుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బోర్డుల్లో ఎక్కువగా అదే ఉంటుంది. అందుకే పాత జాయింటు కదలకపోతే ఐరన్ వేడి పెంచకు. ఫ్లక్స్ (సాల్డర్ బాగా పారేలా చేసే పేస్టు) పూసి, నీ దగ్గరున్న సాల్డర్ కొంచెం కలిపి, ఆ తర్వాత లాగు. సూదిలాంటి బిట్ చూడ్డానికి బాగుంటుంది కానీ వేడి అందించదు. 2 మిల్లీమీటర్ల చదును బిట్‌తో ముప్పాతిక పని అయిపోతుంది. జాయింటుకి రెండు మూడు సెకన్లు. అంతకన్నా పట్టిందంటే బిట్ మురికిగా ఉందనో, ట్రాక్ వెనక పెద్ద రాగి పరుపు వేడిని లాగేస్తోందనో అర్థం. అక్కడ ఒత్తి పట్టుకుంటే ప్యాడ్ లేచి వస్తుంది.

ఇక పవర్ సప్లై. టీవీ, వాషింగ్ మెషీను, ఏసీ, ఛార్జరు, ఏది తెరిచినా ఈ రోజుల్లో లోపల ఎక్కువగా ఉండేది ఎస్‌ఎంపీఎస్సే, అంటే కరెంటును వేగంగా ఆన్ ఆఫ్ చేస్తూ వోల్టేజీ మార్చే సప్లై. ఇది పూర్తిగా అర్థమైతే సగం రిపేర్లు నీ చేతిలో ఉన్నట్టే. చంపేదీ ఇదే కాబట్టి జాగ్రత్త ముందు చెప్తాను. 230 వోల్టుల సరఫరా ఉన్న చోట పెద్ద కెపాసిటర్ మీద సుమారు 325 వోల్టుల డీసీ నిలుస్తుంది. పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిదిద్దే సర్క్యూట్) ఉన్న పెద్ద సప్లైల్లో 380 నుంచి 400 కూడా. ప్లగ్ తీసినా పాడైన బోర్డులో అది చాలాసేపు అలాగే ఉండొచ్చు. స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి టప్‌మనిపించే అలవాటు చేసుకోకు. ఆ మెరుపుకి ట్రాకూ పోతుంది, కెపాసిటరూ దెబ్బతింటుంది. 2.2 కిలో ఓముల, 10 వాట్ల రెసిస్టర్‌కి బాగా ఇన్సులేషన్ ఉన్న రెండు తీగలు అతికించి ఉంచుకో. 150 మైక్రోఫారాడ్ల కెపాసిటర్ దానితో రెండు సెకన్లలో ఖాళీ అవుతుంది. నువ్వు ఐదు లెక్కపెట్టు, తర్వాత మీటరుతో చూసి అప్పుడు ముట్టుకో.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 60 వాట్ల ఫిలమెంటు బల్బు సీరీస్‌లో పెట్టు. ఒక్కసారి వెలిగి మసకబారితే లోపల గట్టి షార్టు లేదు. పూర్తి వెలుగుతో నిలబడిపోతే షార్టు ఉంది, కానీ బల్బు అడ్డుపడింది కాబట్టి కొత్తగా ఏమీ పేలదు. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి పనికిరాదు. ఇంకోటి, సీరీస్ బల్బు నిన్ను షాక్ నుంచి కాపాడదు. ప్రైమరీ వైపు, అంటే ట్రాన్స్‌ఫార్మర్‌కి మెయిన్స్ ఉన్న వైపు, స్కోపు పెట్టాలంటే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండి తీరాలి. లేకపోతే స్కోపు గ్రౌండు క్లిప్పే షార్టు అవుతుంది.

ఒక సప్లైని దగ్గర నుంచి చూద్దాం. అందులో స్విచింగ్‌ని నడిపే ఐసీ, యూసీ 3842 కంట్రోలర్ ఉంది. ఫ్యూజు బాగుంది, పెద్ద కెపాసిటర్ మీద 325 ఉంది, అవుట్‌పుట్ మాత్రం సున్నా. నల్ల ప్రోబు ప్రైమరీ గ్రౌండు మీద, అంటే పెద్ద కెపాసిటర్ మైనస్ మీద, గట్టిగా తగిలించు. సెకండరీ, అంటే అవుట్‌పుట్ వైపు, గ్రౌండు మీద పెట్టి కొలిస్తే వచ్చే అంకెకి అర్థం ఉండదు. ఎర్ర ప్రోబు ఐసీ 7వ కాలు మీద పెట్టు. ఈ ఐసీ 16 వోల్టులు అందితే లేస్తుంది, 10 కి పడిపోతే పడుకుంటుంది. ఏడెనిమిది వోల్టుల దగ్గరే ఆగిపోయిందంటే 325 నుంచి కిందికి వచ్చే స్టార్టప్ రెసిస్టర్ విలువ పెరిగిపోయి ఉంటుంది, లేదా 7వ కాలు దగ్గరి చిన్న కెపాసిటర్ లీకవుతోంది. అంకె నిలకడ లేకుండా 10కీ 16కీ మధ్య ఊగుతూ సన్నగా టిక్ టిక్ వినిపిస్తుంటే ఐసీ బాగానే ఉంది. లేస్తోంది, కానీ లేచాక దానికి తిండిపెట్టాల్సిన ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట నుంచి సరిపడా అందడం లేదు. కరెంటు తీసి, కెపాసిటర్ ఖాళీ చేసి, ముందు సెకండరీ డయోడ్లు షార్టు ఉన్నాయేమో చూడు. అవి బాగుంటే ఆ చుట్టకున్న చిన్న డయోడు, దాని పక్కనే 47 మైక్రోఫారాడ్ల కెపాసిటర్. వేడి హీట్‌సింక్ పక్కన ఏళ్లతరబడి ఎండి అది నాలుగైదు మైక్రోఫారాడ్లకి పడిపోతుంది. పైన ఉబ్బదు, కారదు, చూపుకి కొత్తదానిలాగే ఉంటుంది. అందుకే కంటితో చూసి కెపాసిటర్లు ఎంచేవాడి బోర్డులు తిరిగొస్తాయి. 105 డిగ్రీలు తట్టుకునే, లోపలి నిరోధం తక్కువున్న (లో-ఈఎస్‌ఆర్) రకం వెయ్యి.

ఫ్యూజు గాజు లోపల నల్లగా మాడి ఉంటే కథ వేరు. వెనక గట్టి షార్టు ఉంది, చాలాసార్లు స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్, మాస్‌ఫెట్టే. మాస్‌ఫెట్ ఒక్కటే మార్చి స్విచ్ వేశావంటే అది కళ్లముందే మళ్లీ పోతుంది. దాని సోర్స్ కాలు దగ్గరున్న ఒక ఓములోపు రెసిస్టర్, గేట్ కాలు రెసిస్టర్, ఏసీని డీసీ చేసే బ్రిడ్జి డయోడ్లు, కంట్రోలర్ ఐసీ, అన్నీ చూశాకే కొత్తది పెట్టు. కొత్తది కూడా బల్బు సీరీస్‌లోనే.

ఇన్‌స్టలేషన్ తేలికని అనుకుంటున్నట్టున్నావు. నిచ్చెన ఎక్కడం తేలికే. పగలంతా పనిచేసి రాత్రికి ఆగిపోయే కెమెరా సంగతి చూడు. 12 వోల్టుల అడాప్టరు, 40 మీటర్ల దూరం, అర చదరపు మిల్లీమీటరు రాగి తీగ. పోనూ రానూ 80 మీటర్లు, నిరోధం దాదాపు 2.75 ఓములు. పగలు కెమెరా 0.3 ఆంపియర్లు లాగితే 0.8 వోల్టులు మాత్రమే పోతాయి. చీకటిపడి ఐఆర్ (కంటికి కనపడని పరారుణ) ఎల్‌ఈడీలు వెలిగాక 0.8 ఆంపియర్లు లాగితే పోయేది 2.2 వోల్టులు. మిగిలింది 9.8, కెమెరా రీస్టార్ట్ అవుతూనే ఉంటుంది. తెలియనివాడు కెమెరా మారుస్తాడు, అదీ అలాగే చేస్తుంది. అడాప్టరు దగ్గర కొలిస్తే 12 కనిపిస్తుంది కాబట్టి కెమెరా చివర, చీకట్లో, లేదా లెన్సు పక్కనున్న లైట్ సెన్సార్‌ని వేలితో మూసి కొలవాలి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ వాడితే లెక్క ఇంకా చెడుతుంది. నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు అందే పీవోఈ కెమెరాలకి ఈ బాధ తక్కువ, అయినా కేబుల్ 100 మీటర్లు దాటించకు. ఆర్‌జే 45 (నెట్‌వర్క్ కేబుల్ చివరి ప్లగ్) బిగించేటప్పుడు లోపలి తీగజతల మెలికలు 13 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ విప్పకు.

ఆరు నెలలయ్యాక ఏ దారి అంటే, మొబైల్ బోర్డులకి మైక్రోస్కోపు ముందు గంటలు కూర్చునే ఓపికా, వణకని చెయ్యీ కావాలి. ఉబ్బిన లిథియం బ్యాటరీని లోహపు పట్టకారుతో పొడిచి తీసే తొందరపాటు ఉన్నవాడు ఆ వైపు వెళ్లకూడదు. సోలార్‌లో పని పెరుగుతోంది, కానీ లోడు నడుస్తుండగా డీసీ కనెక్టర్ లాగితే ఆర్క్ ఆరదు. ముందు ఇన్వర్టర్, తర్వాత డీసీ ఐసొలేటర్ ఆపాలనే క్రమం నరనరాల్లో ఉండాలి. ఫ్యాక్టరీల్లో మోటార్లని నడిపే డ్రైవులు, ఆసుపత్రి పరికరాలు నీకు బాగా నప్పుతాయని నా అభిప్రాయం. కొలతలూ రాతకోతలూ ఎక్కువ, నువ్వు ఓపికగా రాసుకునేవాడివి.

ఎవరి వస్తువు చేతికొచ్చినా విప్పే ముందు నాలుగు వైపులా ఫోటో తియ్యి. లేని స్క్రూలు, పగుళ్లు, నీటి మరకలు వాళ్ల ముందే రాయి. మార్చిన పాత పార్టు కవరులో వేసి తిరిగిచ్చెయ్యి. ఫోను రిపేరుకి స్క్రీన్ లాక్ అక్కర్లేకపోతే అడక్కు, గ్యాలరీ తెరవకు.

కోర్సు సిలబస్ కాగితం దొరికితే ఫోటో పంపు. ఏం వదిలేశారో గుర్తుపెట్టి పంపిస్తాను. ఈలోగా పాడైన ఛార్జర్లు పది సంపాదించు. ప్లగ్ పెట్టకుండా, పెద్ద కెపాసిటర్ ఖాళీ చేశాక, ఒక్కోదాని బ్రిడ్జి డయోడ్లు డయోడ్ మోడ్‌లో రెండు దిక్కులా కొలిచి అంకెలు రాసి పెట్టుకో.

ఆశీస్సులతో,
మామయ్య